ఉల్లేఖముల లెక్క - శాస్త్రపు విలువ

పరిశోధన వ్యాసము ఏదైనను తెరచి చూచినచో చివరి పుటలలో చిన్న అక్షరములతో ఒక పట్టిక కనబడును. రచయిత తనకు పూర్వము ఆ విషయమున పనిచేసినవారి వ్యాసములను అందు పేర్కొనును. ఇట్లు పేర్కొనుటకే ఉల్లేఖము అని పేరు. ఇంగ్లీషు మాటను వాడువారు సైటేషన్ అందురు. ఒకరివద్ద తీసికొన్న అప్పును పుస్తకములో వ్రాసియుంచు పద్దువంటిది ఇది. ఈ పద్దులను లెక్కించి శాస్త్రజ్ఞుల యోగ్యతను నిర్ణయించుట ఇటీవలి కాలపు ఆచారమైనది. ఉద్యోగము, పదోన్నతి, పరిశోధనకు ధనసహాయము, విశ్వవిద్యాలయముల తారతమ్యము - అన్నిటిలోను ఈ లెక్కకు పాలు కలదు. మన దేశమున 2016 నుండి వెలువడుచున్న జాతీయ విద్యాసంస్థల శ్రేణీకరణమునందును ఉల్లేఖముల సంఖ్యకు స్థానము ఇచ్చినారు. రేపు పరిశోధనలోనికి పోదలచిన విద్యార్థి ఏ విషయమును ఎన్నుకొనవలెనో, ఎన్నుకొనరాదో కూడ ఈ లెక్కయే చాటుగా చెప్పుచున్నది. కనుక ఇది ఎట్లు పుట్టినది, దేనిని కొలుచును, దేనిని కొలువజాలదు అని విచారింపవలసియున్నది.

పుట్టుక చాల సామాన్యమైనది. 1927లో అమెరికాలోని పొమోనా కళాశాలకు చెందిన గ్రాస్, గ్రాస్ అను ఇరువురు ఒక ప్రశ్న వేసికొనిరి. చిన్న కళాశాల గ్రంథాలయమునకు డబ్బు తక్కువ. రసాయన శాస్త్ర పత్రికలలో వేనిని కొనవలెను? వారు అమెరికన్ రసాయన సంఘపు పత్రిక 1926 సంపుటమును తీసికొని, అందలి వ్యాసములు ఏయే పత్రికలను ఎన్నిసార్లు ఉల్లేఖించినవో లెక్కపెట్టిరి. పద్దులు మూడువేలకు పైగా తేలినవి. వానిలో జర్మన్ పత్రికల వాటా మిక్కిలి ఎక్కువగా నుండుటచే, రసాయన విద్యార్థి జర్మన్ భాష నేర్వవలసినదేనని కూడ వారికి తోచెను. ప్రశ్న చిన్నది, సాధనము దానికి తగినది. అల్మారాలో ఏ పత్రిక ఉండవలెనో నిర్ణయించుటకు ఇంతకన్న మంచి మార్గము నేటికిని కనబడదు. గ్రంథాలయముల పనికి గణితము తోడ్పడవలెనని మన రంగనాథన్ గారు 1948లో ఇంగ్లండు సభలో చెప్పి, లైబ్రామెట్రీ అను పేరు పెట్టినదియు ఈ ధోరణిలోనిదే.

తరువాతి అడుగు న్యాయవాదుల వద్దనుండి వచ్చెను. అమెరికాలో షెపర్డ్ అనునతడు 1873 నుండి ఒక సూచికను నడపెను. ఒక పాత తీర్పును తరువాతి తీర్పులలో ఏవి అంగీకరించినవి, ఏవి త్రోసిపుచ్చినవి అని అందు తెలియును. కొట్టివేయబడిన తీర్పును ఆధారముగా చూపిన వకీలు కోర్టులో నవ్వులపాలగును గదా. ఈ పద్ధతి విజ్ఞానశాస్త్రమునకు ఏల పనికిరాదని యూజీన్ గార్ఫీల్డు ఆలోచించెను. 1955లో సైన్స్ పత్రికలో అతడు ప్రచురించిన వ్యాసము ఈ విషయమునకు మూలగ్రంథము వంటిది. ఫిలడెల్ఫియాలో అతడు స్థాపించిన సంస్థ 1963లో మొదటి సైన్స్ సైటేషన్ ఇండెక్సును అచ్చువేసెను. 1961 నాటి 613 పత్రికలనుండి ఎత్తిన 14 లక్షల ఉల్లేఖములు అందు గలవు.

గార్ఫీల్డు పని గొప్పదనుటలో సందేహము లేదు. సాధారణ సూచికలు వెనుకకు చూచును. ఇది ముందునకు చూచును. 1949 నాటి వ్యాసమొకటి చేత పట్టుకొన్నవానికి, దానిని ఆధారము చేసికొని తరువాత ఎవరెవరు ఏమేమి చేసిరో ఈ సూచిక తెలుపును. విషయముల పేర్లు మారినను, వృక్షశాస్త్రజ్ఞుడు వ్రాసినది వైద్యుడు వాడుకొన్నను దారి తప్పదు. నేడు కంప్యూటరు తెరపై సమాచారమును వెదకి పెట్టు యంత్రాంగమునకు కూడ ఈ ఆలోచనతో చుట్టరికము కలదు. గూగుల్ స్థాపకులు 1998 నాటి తమ వ్యాసములో గార్ఫీల్డును స్మరించిరి.

అయితే 1955 వ్యాసమును చదివినవారికి ఒక సంగతి కొట్టవచ్చినట్లు కనబడును. గార్ఫీల్డు తన సూచికకు చెప్పిన ముఖ్యప్రయోజనము విమర్శ. తప్పుడు ఫలితములను, పాతబడిన కొలతలను, అసంపూర్ణమైన ప్రయోగములను గుడ్డిగా ఉల్లేఖించుట ఆగవలెను. ఒక వ్యాసముపై ఎవరేమి ఆక్షేపణ చెప్పిరో శ్రద్ధగల చదువరికి తెలియవలెను - ఇది అతని కోరిక. షెపర్డు సూచికలో ఆక్షేపణకు ఒక గుర్తు, అంగీకారమునకు వేరొక గుర్తు ఉండెడివి. విజ్ఞానశాస్త్ర సూచిక అచ్చులోనికి వచ్చునప్పటికి ఆ గుర్తులు పోయినవి, అంకెలు మిగిలినవి. ఆక్షేపించినను ఒకటే, పొగడినను ఒకటే. 1989లో ఫ్లైష్మన్, పాన్స్ అనువారు గది ఉష్ణోగ్రతయందే పరమాణు కేంద్రకములు సంలీనమగునని ప్రకటించిరి. ప్రపంచమందలి ప్రయోగశాలలు పలుమారు ప్రయత్నించి అది నిలువదని వ్రాసినవి. ఆ ఖండనలన్నియు లెక్కలో మూలవ్యాసమునకు జమయే. విమర్శను వెదకుటకు చేసిన పనిముట్టు, విమర్శను మెప్పుగా చూపు పనిముట్టుగా మారినది. ఈ పద్ధతిపై చెప్పదగిన ఆక్షేపణలలో మొదటిది ఇదే.

గార్ఫీల్డు, అతని సహచరుడు షేర్ కలసి, ఏ పత్రికలను సూచికలో చేర్చవలెనో తేల్చుటకు ప్రభావ గుణకము అను నొక సంఖ్యను కల్పించిరి. ఒక పత్రికలో గడచిన రెండేండ్లలో అచ్చైన వ్యాసములు ఈ యేడు ఎన్నిసార్లు ఉల్లేఖింపబడినవో ఆ సంఖ్యను, ఆ వ్యాసముల సంఖ్యతో భాగింపగా వచ్చునదే ప్రభావ గుణకము. ఇది సగటు. సగటునకు గల దోషము ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడ తెలియును. పదిమందిలో తొమ్మండుగురు పది మార్కులు తెచ్చుకొని, ఒక్కడు నూరు తెచ్చుకొన్నచో తరగతి సగటు 19. ఆ తరగతిలో పందొమ్మిది మార్కులు వచ్చినవాడు ఎవడును లేడు.

స్ఫటిక శాస్త్ర పత్రికయగు యాక్టా క్రిస్టలోగ్రాఫికా ఏ విభాగమునకు 2008లో ప్రభావ గుణకము 2.051. మరుసటి ఏట అది 49.926 అయ్యెను. పత్రికలో ప్రతిభ ఇరువది నాలుగు రెట్లు పెరిగినదా? కాదు. షెల్డ్రిక్ అను శాస్త్రజ్ఞుడు స్ఫటికముల నిర్మాణమును గణించు తన కంప్యూటరు ప్రోగ్రాముల చరిత్రను 2008లో ఒక వ్యాసముగా వ్రాసి, వానిని వాడువారు ఈ వ్యాసమును ఉల్లేఖింపవచ్చునని సూచించెను. స్ఫటికములను పరీక్షించువారు దాదాపు అందరును ఆ ప్రోగ్రాములను వాడుదురు గనుక ఆరువేలకు పైగా ఉల్లేఖములు వచ్చిపడినవి. ఆ వ్యాసము రెండేండ్ల హద్దు దాటిపోగానే, 2011లో గుణకము 2.076కు దిగెను.

దీనిని మన అధ్యాపకుల సంగతితో కలిపి చూడవలెను. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో చేసిన నిబంధనలలో పరిశోధన వ్యాసములకు అదనపు పాయింట్ల పట్టిక ఒకటి యున్నది. ప్రభావ గుణకము లేని పత్రికలోని వ్యాసమునకు 5. గుణకము ఒకటికి లోపైనచో 10. ఒకటి రెండు మధ్యనైనచో 15. రెండు అయిదు మధ్య 20. అయిదు పది మధ్య 25. పది దాటినచో 30. ఈ పట్టికతో పైపత్రికను తూచినచో, 2008 గుణకమున కొక వ్యాసము 20 పాయింట్లు, 2009 గుణకమున 30, 2011 గుణకమున మరల 20 పొందును. ఆ వ్యాసము వ్రాసినవాడు ఈ నడుమ చేసినదేమియు లేదు. మరియొకని వ్యాసము అదే అట్టల నడుమ అచ్చైనది, అంతే. ఒక వ్యక్తి వ్యాసమును చదువకుండ, అది ప్రయాణము చేసిన బండినిబట్టి వెలకట్టుట ఇది.

పత్రికను విడిచి వ్యక్తినే కొలిచెదమని 2005లో హిర్ష్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు హెచ్ సూచికను ప్రతిపాదించెను. ఒకని ఆరు వ్యాసములు వరుసగా 25, 12, 6, 4, 4, 1 ఉల్లేఖములు పొందినచో, నాలుగు వ్యాసములు కనీసము నాలుగేసి పొందినవి గనుక అతని సూచిక 4. చూచుటకు ముచ్చటగా నున్నది. కాని మెండెల్ వారసత్వమును గూర్చి అచ్చువేసిన వ్యాసములు రెండే. లోకమంతయు వానిని ఉల్లేఖించినను వానివలన వచ్చు సూచిక రెండును దాటదు. మొదటిది 1866లో వెలువడి, 1900 వరకు నిద్రపోయినది.

ఎక్కువ ఉల్లేఖములు పొందిన వ్యాసమే ఎక్కువ గొప్పదనుటయు సత్యము కాదు. ద్రావణములో ప్రోటీను ఎంతయున్నదో కొలుచు విధానమును 1951లో లౌరీ, అతని సహచరులు ప్రచురించిరి. మూడులక్షలకు పైగా ఉల్లేఖములతో లోకములో మొదటి స్థానము దానిదే. అది గొప్ప వ్యాసమేమియు కాదని లౌరీయే ఒప్పుకొనెను. డి.ఎన్.ఏ. నిర్మాణమును తెలిపిన 1953 నాటి వాట్సన్, క్రిక్ వ్యాసము 2014లో నేచర్ పత్రిక ప్రకటించిన మొదటి నూరింటిలో లేనేలేదు. పనిముట్లను గూర్చిన వ్యాసములు పైకి తేలును. జ్ఞానములో కలిసిపోయినవి కనబడకుండపోవును. దీనిని సమాజశాస్త్రజ్ఞుడు మెర్టన్ ఎప్పుడో గుర్తించెను: ఒక విషయము అందరికిని తెలిసినదైనప్పుడు దానిని కనుగొన్నవాని పేరు ఎవరును వ్రాయరు.

వృక్ష రసాయన శాస్త్రములో ఈ అదృశ్యము నిత్యకృత్యము. ఆచార్య టి. ఆర్. శేషాద్రి ఆంధ్ర విశ్వకళాపరిషత్తున పనిచేసిన కాలములో వాల్తేరులో పత్తిపూలు మొదలైన వానిలోని ఫ్లావనాయిడ్ వర్ణపదార్థములను శోధించిరి. నేడు ఒక పదార్థపు నిర్మాణమును తెలియుటకు అయస్కాంత అనునాద యంత్రములు కలవు. ఆనాడు రంగుపదార్థమును పూలనుండి లాగి, శుద్ధిచేసి, మిథైల్ సమూహములను తగిలించి, విరుగగొట్టి, ఆ ముక్కలను గుర్తుపట్టి, తిరిగి ప్రయోగశాలలో అదే పదార్థమును నిర్మించి సరిచూడవలెను. ఒక్కొక్క నిర్మాణమునకు నెలల పని. ఈ వ్యాసములు పెక్కు బెంగుళూరులోని భారత విజ్ఞాన పరిషత్తు ప్రచురణలలో వెలువడినవి. ఆ నిర్మాణములు పాఠ్యగ్రంథములలోనికి, పట్టికలలోనికి ఎక్కినవి. ఫ్లావోను బొమ్మను పలకపై వ్రాయు విద్యార్థి వాల్తేరును ఉల్లేఖింపడు. ఉల్లేఖింపవలెనని ఎవరును కోరరు కూడ.

సర్పగంధి కథ ఇంకను తీవ్రమైనది. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అను ఇరువురు వైద్యులు ఈ వేరు రక్తపు పోటును తగ్గించుననియు, ఉన్మాదమును శాంతింపజేయుననియు అక్కడి వైద్యపత్రికలో వ్రాసిరి. అదే సంవత్సరము ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ అదే వేరునుండి ఆల్కలాయిడ్లను వేరుచేసి, వానిలో ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ పేర అజ్మలిన్ అని పేరు పెట్టెను. పాశ్చాత్య వైద్యలోకము చలింపలేదు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం వకీల్ ఏబదిమంది రోగులపై చేసిన పరీక్షను బ్రిటిష్ హార్ట్ జర్నలులో ప్రచురించిన తరువాత తలుపులు తెరచుకొన్నవి. 1952లో స్విట్జర్లండులోని సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు ఆ వేరునుండి రెసర్పిన్ అను సారమును వేరుచేసిరి. 1956లో వుడ్వర్డ్ దానిని ప్రయోగశాలలో నిర్మించెను. వకీల్‌కు 1957లో అమెరికావారి లాస్కర్ బహుమానము వచ్చెను.

ప్రభావ గుణకము 1931లోనే ఉండియుండినచో ఏమగునో ఊహింపవచ్చును. రెండేండ్ల గడువు 1933తో ముగియును. సేన్, బోసుల వ్యాసమునకు సున్నకు దగ్గరి సంఖ్య, దానిని అచ్చువేసిన పత్రికకు అంతకన్న ఎక్కువ కానిది దక్కియుండెడివి. ఔషధము మాత్రము ఆ వేరులోనే యున్నది. ఇక్కడ తప్పు వేరుదికాదు, వైద్యులదియు కాదు. లండనులో అచ్చైనది లోకమునకు వినబడును, కలకత్తాలో అచ్చైనది వినబడదు అను పరిస్థితిని ఉల్లేఖముల లెక్క కొలిచినదే కాని, వ్యాసపు బరువును కొలువలేదు. దీనికి సమాధానముగా, మన శాస్త్రజ్ఞులందరు విదేశ పత్రికలకే వ్రాయవలెనని కొందరందురు. వకీల్ చేసినది అదే గదా అనవచ్చును. కాని అందరును అట్లు చేసిన, మన పొలముల తెగుళ్లు, మన నీటిలోని ఫ్లోరైడు విదేశపు సంపాదకునికి రుచించినప్పుడే పరిశోధనకు నోచుకొనును.

చైనాలో తూ యూయూ చేసిన పని లెక్కకు బొత్తిగా లొంగనిది. మలేరియాకు మందు వెదకుచు ఆమె నాలుగవ శతాబ్దపు వైద్యగ్రంథములో మాచిపత్రి జాతి మొక్కనొకదానిని చల్లని నీటిలో నానబెట్టి పిండవలెనని చదివెను. వేడి దాని గుణమును చెరచునేమోనని తోచి, తక్కువ వేడికే ఆవిరియగు ఈథరుతో సారమును తీయగా పనిచేసెను. అదే ఆర్టిమిసినిన్. దాని నిర్మాణమును తెలుపు వ్యాసము 1977లో చైనా భాషలో వెలువడినప్పుడు దానిపై వ్యక్తుల పేర్లు లేవు, పరిశోధక బృందము పేరు మాత్రమే కలదు. పేరులేని వ్యాసమునకు ఉల్లేఖములు ఎవరి ఖాతాలో జమయగును? నోబెల్ బహుమానము 2015లో వచ్చెను.

ఇండ్లను చల్లగా నుంచు విద్యలో ఇబ్బంది వేరొక రకమైనది. అక్కడ జ్ఞానము వ్యాసమునుండి వ్యాసమునకు పోదు. వ్యాసమునుండి కప్పుమీదికి పోవును. నల్లని కప్పు ఎండను పీల్చును, తెల్లని కప్పు త్రిప్పికొట్టును. వేసవికి ముందు మిద్దెపై సున్నము కొట్టు తెలుగువారికి ఇది చెప్పనక్కరలేదు. ఎంత లాభము అనునదే శాస్త్రము చెప్పవలసినది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల, హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థ కలిసి హైదరాబాదులోని వాణిజ్య భవనముల కప్పులపై తెల్లపూత పూసి, పూతకు ముందును తరువాతను కరెంటు వాడకమును కొలిచిరి. 2012లో అచ్చైన ఆ ఫలితముల ప్రకారము, నల్లని కప్పును తెల్లగా చేసినచో చదరపు మీటరునకు ఏడాదికి 20 నుండి 22 యూనిట్లు, పూతలేని కాంక్రీటు కప్పునకైనచో 13 నుండి 14 యూనిట్లు ఆదా అగును. చల్లదనమునకగు ఖర్చులో ఇది మొదటిదానికి 14 నుండి 26 వంతులు, రెండవదానికి 10 నుండి 19 వంతులు నూటికి. నూరు చదరపు మీటర్ల కాంక్రీటు కప్పు గల కార్యాలయము ఏడాదికి 1300 యూనిట్లకు తక్కువకాకుండ మిగుల్చుకొనుననుట.

ఈ అంకెలు ఎయిర్ కండిషన్ యంత్రములు గల భవనములవి. యంత్రములేని పేద ఇంటిలో కరెంటు మిగులదు, మనిషికి ఉపశమనము మిగులును. దానిని యూనిట్లలో వ్రాయుట కష్టము. దుమ్ము పేరుకొన్నకొలది తెలుపు తగ్గునను మాట కూడ మరువరాదు. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమును ప్రకటించెను. అది ఆ ఒక్క వ్యాసమువలననే వచ్చినదనుట అతిశయోక్తి. కాని ఇట్టి కొలతలు లేక అట్టి విధానము పుట్టదు. ప్రభుత్వపు ఉత్తరువులో వ్యాసము పేర్కొనబడినను, తాపీమేస్త్రి దానిని పాటించినను ప్రభావ గుణకములో ఒక్క పిసరు పెరుగదు. అదే విషయముపై ఊహాచిత్రములతో మరియొక వ్యాసము వ్రాసి, పదిమంది మిత్రులచేత ఉల్లేఖింపజేసికొన్నవానికి పెరుగును. భవన నిర్మాణ శాస్త్రమున నిజముగా పనిచేయుచున్నవారికి ఈ లెక్క చేయుచున్న అన్యాయము మిగిలిన శాస్త్రములలోకన్న ఎక్కువ.

మిత్రులచేత ఉల్లేఖింపజేసికొనుట ఊహించి చెప్పినది కాదు. 2013లో బ్రెజిల్ దేశపు పత్రికలు నాలుగు ఒకదాని గుణకమును మరొకటి పెంచుచున్నవని గుర్తించి, వానిని గుణకముల జాబితానుండి కొంతకాలము తొలగించిరి. బడిలో మార్కులకొరకే చదువునట్లు ఉల్లేఖములకొరకే వ్రాయుట ఆరంభమైన పిమ్మట ఇట్టివి తప్పవు.

ఈ దుస్థితిని శాస్త్రజ్ఞులు చూడలేదని కాదు. 2012 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో సమావేశమైనవారు, వ్యక్తిని కొలుచుటకు పత్రిక గుణకమును వాడరాదని ప్రకటన సిద్ధపరచిరి. 2015లో నేచర్ పత్రికలో వచ్చిన లైడెన్ ప్రకటన పది సూత్రములను చెప్పెను. స్థానికముగా ప్రయోజనకరమైన పరిశోధనను, ఇంగ్లీషేతర భాషలలోని పనిని కాపాడవలెననునది వానిలో ఒకటి. గార్ఫీల్డు కూడ తన సంఖ్యను వ్యక్తులపై ప్రయోగించుటను గూర్చి పలుమారు హెచ్చరించెను. అయితే ఆ హెచ్చరికలు చేయుచునే అతని సంస్థ 1975 నుండి ఏటేట పత్రికల గుణకములను అమ్మినది. వెల గలిగిన అంకెను అమ్మినవాడు, కొన్నవారు దానిని ఎట్లు వాడుదురో ఎరుగననుట చాలదు.

రెండు ప్రకటనలలోను ఒక లోపము కలదు. వ్యాసమును చదివి నిర్ణయింపుడని అవి చెప్పును. ఒక్క పూటలో రెండువందల దరఖాస్తులను చూడవలసిన ఎంపిక సంఘము, అందు వృక్ష రసాయనము ఎరిగినవారు ఒక్కరును లేనప్పుడు, ఎవరిచేత చదివింపవలెనో, అందుకు ఎన్ని దినములు, ఎంత ధనము కావలెనో చెప్పలేదు. ప్రతి అభ్యర్థి తన వ్యాసములలో మూడింటినే ఎన్నుకొని, వానినిగూర్చి ఒక పుట వ్రాసి పంపవలెననియు, ఆ విషయము తెలిసిన ఇరువురు బయటివారు వానిని చదువవలెననియు నియమము పెట్టుట అసాధ్యము కాదు. ఉల్లేఖ సూచికయు అప్పుడు తాను పుట్టిన పనికే వచ్చును: చదువువారు దానిని తెరచి, ఆ మూడు వ్యాసములను తరువాత ఎవరు అంగీకరించిరో, ఎవరు ఆక్షేపించిరో వెదకి చూతురు.